చావుల లెక్క, చోటు లెక్క: బొమ్మల సైన్యాల యుద్ధంలో గెలుపు ఎక్కడ తేలుతుంది

ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న బల్ల మీద రెండు సైన్యాలు ఎదురెదురుగా నిలబడి ఉంటాయి. ఒక వైపు గడ్డాలు బొడ్డు దాకా వేలాడే మరుగుజ్జు యోధులు, డాలుకు డాలు ఆనించి, చతురస్రాలుగా బిగదీసుకుని ఉంటారు. మరో వైపు ఊహాలోకపు చిట్టి భూతాలైన పచ్చతోలు గాబ్లిన్లు గుంపులు గుంపులుగా, వాటి వెనక అదే తోలున్న పెద్ద జాతి ఓర్క్‌ల దళం ఒకటి, ఆ చివరన తోడేళ్ళ మీద ఎక్కిన రౌతులు. ఒక్కో బొమ్మ ఎత్తు ఇంచుమించు 28 మిల్లీమీటర్లు. చూడవచ్చినవారి కళ్ళు సహజంగా ఆటగాళ్ళ చేతుల మీదే ఉంటాయి. ఎవరి చేయి బల్ల మీది నుంచి ఎక్కువ బొమ్మలను తీసి పక్కన పెడుతుందో వారు ఓడుతున్నట్టు, ఎదుటివారు గెలుస్తున్నట్టు అనుకుంటారు. ఆట ముగిసేసరికి ఈ అంచనా చాలాసార్లు తలకిందులవుతుంది. పదిహేను బొమ్మలు పోగొట్టుకున్న పక్షం గెలుస్తుంది. ఒక విడతలో రెండు బొమ్మలే కోల్పోయిన దళం మొత్తంగా బల్ల దిగిపోతుంది.

ఈ వైచిత్రికి కారణం పాచికల చపలత్వం కాదు. వరుసలు కట్టి పోరాడే ఈ తరహా ఆటల్లో నియమాలు చావుకు ఇచ్చే విలువ తక్కువ, చోటుకు ఇచ్చే విలువ ఎక్కువ. శత్రువును చంపడం ఒక పద్ధతి మాత్రమే. శత్రువు నిలబడలేని పరిస్థితిని కల్పించడం అసలు పద్ధతి. ఆ పరిస్థితి కత్తి దూయడానికి రెండు మూడు విడతల ముందే, కొలబద్ద పట్టుకుని దళాలను అంగుళం అంగుళం జరిపేటప్పుడే తయారవుతుంది.

ఈ ఆలోచన ఆటలోకి మెల్లగా వచ్చింది. ప్రష్యా సైన్యాధికారి రైస్‌విట్జ్ 1824లో స్థిరపరచిన యుద్ధ క్రీడలో 1:8000 నిష్పత్తి గల పటాలు, దళాలకు గుర్తులుగా చిన్న బిళ్ళలు, నష్టాలను తేల్చడానికి పాచికలు, అన్నిటి మీదా తీర్పు చెప్పే మధ్యవర్తి ఉండేవారు. అది అధికారుల శిక్షణకు పుట్టింది. 1913లో హెచ్.జి. వెల్స్ ప్రచురించిన నియమాలు దానికి పూర్తిగా భిన్నమైనవి. పిల్లల సీసపు సైనికులు, స్ప్రింగుతో నిజంగానే గుండు విసిరే బొమ్మ ఫిరంగి, నేల మీద పరిచిన ఇళ్ళు, తోటలు. ముఖాముఖి పోరులో అక్కడ ఒకరికి ఒకరు చొప్పున పడిపోతారు. సైనికుడికి భయం అనేది పెద్దగా లేదు. ఊహాలోకపు జీవులు ఈ బల్ల మీదకు అచ్చు పుస్తకం ద్వారా గట్టిగా అడుగుపెట్టింది 1971లో, గ్యారీ గైగాక్స్, జెఫ్ పెరెన్ మధ్యయుగ యుద్ధాల కోసం రాసిన నియమాలకు చేర్చిన అనుబంధంతో. దాని తర్వాత 1983లో బ్రిటన్‌కు చెందిన గేమ్స్ వర్క్‌షాప్ సంస్థ వార్‌హ్యామర్ అనే బొమ్మల యుద్ధపు ఆటను తెచ్చింది. శిక్షణ క్రీడలోని పాచిక, బొమ్మల ఆటలోని కంటికింపు, ఊహాలోకపు జాతులు అందులో ఒక్కచోట చేరాయి. దళం బెదిరి పారిపోవడం అనే నియమం ఎడిషన్ తర్వాత ఎడిషన్‌లో సానబడి ఆటకు వెన్నెముకగా మారింది.

ఎంత చెప్పినా ఒక పోరును దగ్గరగా చూస్తే తప్ప ఇది బోధపడదు. 2006లో వచ్చిన వార్‌హ్యామర్ ఏడో ఎడిషన్ లెక్కను తీసుకుందాం. ఆ ఎడిషన్‌తో పాటు కొత్తవారి కోసం అమ్మిన పెట్టెలో ఎదురెదురుగా పెట్టినవి కూడా సరిగ్గా ఈ రెండు జాతులే, మరుగుజ్జులూ గాబ్లిన్లూ.

ఇరవై మంది మరుగుజ్జులు ఐదుగురు వెడల్పు, నాలుగు వరుసల లోతుతో నిలబడ్డారనుకుందాం. వాళ్ళకు ఎదురుగా ఇరవై ఐదు గాబ్లిన్లు, అవీ ఐదుగురు వెడల్పే, కానీ ఐదు వరుసలు. రెండు దళాలకూ జెండా ఉంది. ముందు వరుస మాత్రమే పోరాడుతుంది కాబట్టి ఇరుపక్షాలకూ తలా ఐదు దెబ్బలు. మరుగుజ్జు నేర్పరి, అతని దెబ్బ తగలడానికి పాచిక మీద 3 గానీ ఆపైన గానీ పడితే చాలు. పైగా పచ్చతోలు జాతుల మీద తరతరాల పగ ఉంది గనుక మొదటి విడతలో గురి తప్పిన పాచికలను మళ్ళీ వేసుకోవచ్చు. అలా ఐదు దెబ్బల్లో సగటున నాలుగున్నర దాకా తగులుతాయి. తగిలిన దెబ్బ గాయం చేయాలంటే 4 పడాలి, అంటే సగం. ఆ గాయాన్ని గాబ్లిన్ కవచమూ డాలూ అడ్డుకోవడానికి మరో సగం అవకాశం. చివరికి మిగిలేది సుమారు ఒక్క చావు. గాబ్లిన్ల వైపు లెక్క ఇంకా దీనంగా ఉంటుంది. దెబ్బ తగలడానికి 4, మరుగుజ్జు మొండి శరీరాన్ని గాయపరచడానికి 5, ఆ పైన అతని కవచం మూడింట రెండు గాయాలను ఆపేస్తుంది. ఒక్కో గాబ్లిన్ దెబ్బకు మరుగుజ్జు చచ్చే అవకాశం పద్దెనిమిదింట ఒకటి. ఐదు దెబ్బలకు కలిపినా మూడో వంతు మనిషి కూడా పడడు.

చావులే గెలుపైతే ఇక్కడితో కథ ముగియాలి. కానీ ఫలితం లెక్క ఇప్పుడే మొదలవుతుంది. మరుగుజ్జులకు చంపినందుకు ఒక పాయింటు, ముందు వరుస వెనక ఉన్న మూడు వరుసలకు మూడు, జెండాకు ఒకటి, మొత్తం ఐదు. గాబ్లిన్లకు చావుల ఖాతాలో సున్నా. వరుసలకు గరిష్ఠంగా ఇచ్చే మూడు, జెండాకు ఒకటి, సంఖ్యాబలానికి ఒకటి, మొత్తం ఐదు. ఇద్దరూ సమానం. ఒక్క శత్రువునైనా చంపలేని గుంపు, తమకంటే అన్ని విధాలా మేలైన యోధులతో సరిసమానంగా నిలబడింది. ఇలా సమానమైనప్పుడు ఒకరి దళంలోనే బూర ఊదేవాడు ఉంటే, వాడి పుణ్యమా అని ఆ పక్షమే ఒక పాయింటు తేడాతో గెలుస్తుంది.

ఇప్పుడు ఐదుగురు తోడేలు రౌతులు మరుగుజ్జుల పక్క నుంచి వచ్చి పడ్డారనుకుందాం. వాళ్ళు కూడా ఒక్కరినీ చంపలేదనే అనుకుందాం. పక్క నుంచి దెబ్బ తిన్న దళానికి వరుసల బలం చెల్లదు, కాబట్టి మరుగుజ్జుల ఖాతాలో మూడు పాయింట్లు ఎగిరిపోయి రెండే మిగులుతాయి. పక్క దాడికి గాబ్లిన్లకు ఇంకొకటి చేరి ఆరు అవుతాయి. తేడా నాలుగు. ఓడిన దళం ఇప్పుడు తన నిబ్బరాన్ని, అంటే బెదరకుండా నిలబడే శక్తికి ఆట ఇచ్చే అంకెను, పరీక్షకు పెట్టాలి. మరుగుజ్జుల నిబ్బరం 9. మామూలుగా అయితే రెండు పాచికల మొత్తం 9 గానీ అంతకంటే తక్కువ గానీ పడితే నిలబడతారు, అంటే ఆరింట ఐదు వంతుల అవకాశం. ఓడిన తేడాను అందులోంచి తీసేయాలి గనుక ఇప్పుడు 5 లోపు పడాలి. ముప్పై ఆరు రకాల పాచికల కూర్పులో అలా పడేవి పదే, అంటే 28 శాతం. మిగతా 72 శాతం సందర్భాల్లో మరుగుజ్జులు వెన్నుచూపుతారు. తమలో ఒక్కరైనా చావకుండా.

ఆ నాలుగు పాయింట్ల తేడాను గాబ్లిన్లు కేవలం చంపి తెచ్చుకోవాలంటే ఏమి చేయాలి? పద్దెనిమిది దెబ్బలకు ఒక చావు చొప్పున నాలుగు చావులకు 72 దెబ్బలు వేయాలి. ఐదుగురు వెడల్పున్న దళానికి అది పద్నాలుగు విడతలకు మించిన పని; ఆట మొత్తం చూస్తే ఒక్కో పక్షానికి ఆరు విడతలే. చోటు మారితే ఒక్క క్షణంలో వచ్చే బలం కత్తితో ఆట ముగిసినా రాదు. ఈ రకం ఆటను విశ్లేషించేవారు ముందుగా పట్టుకోవలసిన అంకె ఇదే.

చెదిరిన దళం గతి కూడా చూడాలి. పారిపోయే కాలిబంట్లు రెండు పాచికల మొత్తం ఎన్ని అంగుళాలైతే అంత దూరం పరుగెడతారు, మరుగుజ్జులు పొట్టికాళ్ళవారు కాబట్టి అందులో ఒక అంగుళం తగ్గుతుంది. తరిమే రౌతులు మూడు పాచికలు వేస్తారు. తరిమినవారి అంకె పారిపోయినవారి అంకెతో సమానమైనా, మించినా దళం మొత్తం నాశనమైనట్టే. ఇరవై బొమ్మలూ ఒకేసారి పెట్టెలోకి వెళ్తాయి. ఆ ఒక అంగుళపు కోత లేకపోయినా మూడు పాచికలు రెండింటిని అందుకునే అవకాశం 85 శాతం దాకా ఉంటుంది. అంతటితో ఆగదు. ఆరు అంగుళాల లోపల తమవాళ్ళు చెదరడం చూసిన మిగతా దళాలు కూడా నిబ్బరం పరీక్షకు నిలబడాలి. అందుకే అనుభవం ఉన్న ఆటగాడు బలహీనమైన దళాన్ని బలమైన దళం పక్కనే ఎప్పుడూ ఆనించి పెట్టడు. దళాల మధ్య ఆరంగుళాలకు మించి ఎడం ఉంచితే భయం అంటుకోదు, కానీ ఆ సందులోంచి శత్రువు దూరిపోతాడు. దగ్గరగా ఉంటే పక్కలు భద్రం, భయం మాత్రం గాలిలా వ్యాపిస్తుంది. ఈ ఇరకాటానికి అన్ని వేళలా పనికొచ్చే సమాధానం లేదు. సైన్యాన్ని మోహరించడం ఇంత ఆలోచన పుట్టించే పని కావడానికి కారణం అదే.

మోహరింపు దగ్గరకు వస్తే, సాధారణంగా బల్ల పొడవునా ఇరువైపులా అంచు నుంచి పన్నెండు అంగుళాల మేర ఒక్కో సైన్యానికి స్థలం. మధ్యలో ఇరవై నాలుగు అంగుళాల ఖాళీ నేల. ఆ ఖాళీయే ఆటకు కీలకం. మరుగుజ్జు నడక మూడు అంగుళాలు, దాడికి దూకినప్పుడు దానికి రెట్టింపు, ఆరు. తోడేలు రౌతుల నడక తొమ్మిది, దూకుడు పద్దెనిమిది. అంటే ఒక రౌతుల దళం మరుగుజ్జులకు ఏడు అంగుళాల దూరం నుంచి పదిహేడు అంగుళాల దూరం వరకు ఎక్కడ నిలబడినా, అది వాళ్ళను కొట్టగలదు, వాళ్ళు దాన్ని కొట్టలేరు. ఈ పట్టీని మనసులో గీసుకోగలిగిన ఆటగాడికి గాబ్లిన్ల పిరికితనం పెద్ద లోటు కాదు.

మరుగుజ్జులు దీనికి విరుగుడుగా సైన్యాన్ని బల్ల మూలకు ఒత్తి నిలబెడతారు. ఒక పక్క బల్ల అంచు, ఇంకో పక్క నడవడానికి వీల్లేని రాతిగుట్ట ఉంటే రెండు పక్కలూ మూసుకుపోతాయి. ఫిరంగులు వెనక, చతురస్రాలు ముందు. చూడటానికి ఎదురులేని ఏర్పాటే గానీ, ఎదుటి ఆటగాడు దగ్గరకు రాకపోతే వీళ్ళు చేయగలిగేది తుపాకులు కాల్చడమే. మూలలో కూర్చున్న సైన్యం ఓడకపోవచ్చు; గెలవడం మాత్రం కష్టం. ఇలా ఆడటాన్ని కొందరు తప్పుపడతారు. అది అన్యాయమేమీ కాదు, నియమాలు ఇచ్చిన నడకకు తగ్గ ఆటే. కాకపోతే ఎదుటివారికి విసుగు పుట్టిస్తుందన్న మాట మాత్రం నిజం.

గాబ్లిన్ల సేనాని దగ్గర ఉన్న మరో ఆయుధం ఎర. దాడికి గురైన దళం మూడు రకాలుగా స్పందించవచ్చు: నిలబడవచ్చు, బాణాలో గుళ్ళో ఉంటే నిలబడి వేయవచ్చు, లేదా పారిపోవచ్చు. ఈ మూడోదాన్ని కొత్తవారు అవమానంగా భావించి వాడుకోరు. చేతనైనవారికి అదే బంగారు గని. ఐదుగురు రౌతులను మరుగుజ్జుల చతురస్రానికి ఎదురుగా, ఆరంగుళాల లోపు, కొంచెం వాలుగా నిలబెడితే అవతలి ఆటగాడికి రెండే దారులు. దూకకపోతే వెనక ఉన్నవారికి దారి మూసుకుపోతుంది. దూకితే రౌతులు జారుకుంటారు, అందుకోలేని చతురస్రం మూడు అంగుళాలు ముందుకు తడబడి, తోటి దళాల వరుసలోంచి బయటకు పొడుచుకొచ్చి, పక్కను పరాయివాడికి చూపిస్తూ ఆగిపోతుంది. పైన చెప్పిన 72 శాతం లెక్క సరిగ్గా అక్కడ అక్కరకొస్తుంది. అయితే ఎరకు కూడా ఖరీదుంది. పారిపోయిన గాబ్లిన్లు మళ్ళీ కూడుకోవాలంటే 6 లోపు పడాలి, ఆ అవకాశం 42 శాతం కంటే తక్కువ. రెండింట ఒకసారికి పైగా ఎర ఎరగానే పోతుంది. దాన్ని ముందే లెక్క రాసి పక్కన పెట్టేసినవాడే ఈ ఎత్తు వేయాలి. ఆ దళం తిరిగొస్తుందన్న ఆశతో తర్వాతి ఎత్తు కట్టుకుంటే కొంప మునుగుతుంది.

దూరం నుంచి కొట్టే ఆయుధాల విషయంలో కూడా చావుల లెక్క మోసం చేస్తుంది. బ్రిటిష్ ఇంజనీరు లాంచెస్టర్ 1916లో యుద్ధనష్టాలకు రెండు సూత్రాలు చెప్పాడు. ఇరుకైన ముఖం మీద ఒకరితో ఒకరు కత్తులు దూసే పోరులో వెనక ఉన్నవారి చేతులు ఖాళీగా ఉంటాయి, అక్కడ సంఖ్య మామూలు నిష్పత్తిలోనే పనిచేస్తుంది. అందరూ అందరినీ గురిపెట్టగల తుపాకీ పోరులో సంఖ్య వర్గానికి పెరుగుతుంది. రెట్టింపు మంది ఉంటే నాలుగు రెట్ల బలం. బొమ్మల బల్ల ఈ రెండు సూత్రాలనూ పక్కపక్కనే చూపిస్తుంది. లోతైన చతురస్రాలు మొదటి రకం, పలుచగా పరిచిన తుపాకీ దళాలు రెండో రకం. అందుకే తుపాకీదారులను రెండు వరుసలుగా కాక ఒకే పొడవాటి వరుసగా నిలబెట్టడానికి ఆటగాళ్ళు తాపత్రయపడతారు.

పదిమంది మరుగుజ్జు తుపాకీదారులు దూరం నుంచి 4 పడితే తగిలేలా, 3 పడితే గాయమయ్యేలా, గాబ్లిన్ కవచం అక్కరకు రాని గుళ్ళతో కాల్చారనుకుందాం. సగటున ముగ్గురు పడతారు. ఇరవై ఐదు మంది ఉన్న గుంపుకు ముగ్గురు పోతే చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఇంకో పదిమంది మరో గుంపును కాల్చినా అంతే, అక్కడా ముగ్గురు. అదే ఇరవై తుపాకులూ ఒకే గుంపు మీద పేలితే సగటు ఏడుకు చేరువవుతుంది. ఒకే దశలో దళంలో నాలుగో వంతు పోతే బెదురు పరీక్ష తప్పదని నియమం. ఇరవై ఐదులో నాలుగో వంతుకు ఏడుగురు కావాలి. చచ్చినవారి మొత్తం రెండు పద్ధతుల్లోనూ ఒకటే. కానీ రెండో పద్ధతిలో ఆ గుంపు నిలబడే అవకాశం మళ్ళీ ఆ 42 శాతమే, ఓడితే మిగిలిన పద్దెనిమిది మందీ బల్ల అంచు వైపు పరుగు. తుపాకీ ఇక్కడ చంపడానికి కాదు, భయం గీతను దాటించడానికి.

రెండు సైన్యాలు పోటీపడుతున్నాయంటే బలాలు వేరుగా ఉండటం మాత్రమే కాదు, వాటిని నడిపేవారి చేతిలో పగ్గం ఎంత ఉందన్నది కూడా వేరుగా ఉంటుంది. మరుగుజ్జులు చెప్పిన చోట నిలబడతారు, చెప్పినంత దూరం నడుస్తారు. పచ్చతోలు జాతులకు ఒక దురలవాటు ఉంది. విడత మొదట్లో దళానికో పాచిక వేయాలి, ఒకటి పడితే లోపల్లోపల కుమ్ములాటకు దిగుతారు, అనుకున్న కదలిక ఆగిపోవచ్చు. ఆరు దళాలతో ఆడేవారికి సగటున విడతకో దళం ఇలా అడ్డం తిరుగుతుంది. నిశాచర గాబ్లిన్ల గుంపుల్లో దాగి ఉండే మతి చెడిన గొలుసుగుండు యోధులు మరో తమాషా. శత్రువు ఎనిమిది అంగుళాల లోపలికి రాగానే బయటకు దూకి, ఇనుపగుండు గిరగిరా తిప్పుకుంటూ రెండు పాచికల దూరం పోయి, తగిలినవారిని తుత్తునియలు చేసి, ఆ తర్వాత ఎటు పోతారో పాచికకే తెలుసు. సొంత సైన్యం మీదికి తిరిగి రావడం అరుదేమీ కాదు. గుంపులో వాళ్ళు ఉన్నారా లేరా అన్నది అవతలివారికి తెలియదు. వాళ్ళు లేని గుంపు ముందు కూడా మరుగుజ్జులు తొమ్మిది అంగుళాల దగ్గర ఆగి తటపటాయిస్తారు. మళ్ళీ చోటే, ఒక వృత్తం గీసి అందులోకి శత్రువును రానివ్వకపోవడమే ఆ పిచ్చివాళ్ళ అసలు ఉపయోగం.

బొమ్మ అడుగున ఉండే పలక కూడా ఈ లెక్కల్లో చేరుతుందంటే కొత్తవారు నమ్మరు. మరుగుజ్జు పలక వెడల్పు 20 మిల్లీమీటర్లు, ఓర్క్‌ది 25. ఐదుగురు ఓర్క్‌ల ముఖం 125 మిల్లీమీటర్లు. ఆ మేరకు ఏడుగురు మరుగుజ్జులు మూలలతో సహా ఆనుకోగలరు. ఐదు దెబ్బలకు ఏడు దెబ్బలు. చిన్న జీవులకు తెలియకుండానే దక్కిన ఉపకారం ఇది. బొమ్మలకు రంగులు వేయడంలో నెలలు గడిపేవారు పలకను పట్టించుకోకుండా అతికించి, ఆ తర్వాత దళం బారుగా నిలవక ఇబ్బంది పడటం తరచూ కనిపిస్తుంది. ముందు వరుసలో ఎత్తిన గొడ్డలి ఎదుటి బొమ్మ ముఖానికి తగిలి పలకలు ఆనకపోతే, ఆటలో ఆనినట్టేనా కాదా అన్న వాదం లేస్తుంది. అందుకే చేయి తిరిగినవారు చాచిన ఆయుధాల బొమ్మలను లోపలి వరుసలకు పంపి, డాలు దగ్గరగా పట్టుకున్నవాటిని ముందు పెడతారు.

చోటు లెక్కకు ఇంత పట్టు ఉన్న ఆటను 2010లో వచ్చిన ఎనిమిదో ఎడిషన్ గట్టిగా కుదిపింది. అంతకుముందు దూరాన్ని కళ్ళతో అంచనా వేయాలి, దాడి ప్రకటించాకే కొలబద్ద తీయాలి. కొత్త నియమాల్లో ఎప్పుడైనా కొలుచుకోవచ్చు, కానీ దూకే దూరం నడకకు రెండు పాచికలు కలిపినంత. మరుగుజ్జు ఇప్పుడు ఐదు నుంచి పదిహేను అంగుళాల వరకు ఎంతైనా దూకవచ్చు. పది అంగుళాల దూరంలోని శత్రువును అందుకునే అవకాశం 58 శాతం. ఏడు నుంచి పదిహేడు వరకు గీసుకున్న ఆ భద్రమైన పట్టీ ఇలా చెరిగిపోయింది. కంటి అంచనా అనే నేర్పు పోయి, ప్రమాదాన్ని తూచుకునే నేర్పు వచ్చింది. నిజానికి అంచనా తప్పడం వల్ల అరంగుళం తేడాతో ఆట పోగొట్టుకున్నవారికి ఇది ఊరటే. నడక తక్కువైన సైన్యాలకు ప్రాణం లేచొచ్చింది కూడా.

దానికంటే పెద్ద మార్పు పట్టుదల నియమం. ఓడిన దళానికి గెలిచిన దళం కంటే వరుసలు ఎక్కువగా ఉంటే, ఓడిన తేడాను నిబ్బరంలోంచి తీసేయనక్కర్లేదు. నలభై గాబ్లిన్లు ఐదుగురు వెడల్పుతో ఎనిమిది వరుసలుగా నిలబడి నాలుగు పాయింట్లతో ఓడాయనుకుందాం. పన్నెండు అంగుళాల లోపు ఉన్న సేనాని నిబ్బరం 8 వాటికి అరువు దొరుకుతుంది, దగ్గర్లో సైన్యపు పెద్ద జెండా ఉంటే తప్పిన పాచికలను మరోసారి వేయవచ్చు. పాత లెక్కలో 8 లోంచి నాలుగు పోగా 4 లోపు పడాలి; రెండో ప్రయత్నం కలుపుకున్నా నిలబడే అవకాశం 31 శాతం. కొత్త లెక్కలో 8 లోపు పడితే చాలు, రెండో ప్రయత్నంతో కలిపి 92 శాతం. పక్క దాడి వరుసల పాయింట్లను తీసేస్తుంది గానీ ఈ పట్టుదలను తీసేయదు. పక్కకు చేరడానికి మూడు విడతలు శ్రమపడిన రౌతుల కష్టం బూడిదలో పోసిన పన్నీరైంది. లోతైన గుంపును బల్ల మధ్యలో దింపి వదిలేస్తే చాలన్న ధోరణి బలపడింది. ఈ నియమం వెనక ఉద్దేశం మంచిదే: ఐదుగురు మేటి గుర్రపు వీరులు ఒక్క దూకుడుతో నలభై మందిని తరిమేయడం అంతకుముందు మామూలైపోయింది, కాలిబంటుకు గౌరవం తేవాలనుకున్నారు. కాకపోతే ఒక అతిని సరిచేయబోయి రెండో అతిలో కాలు వేశారు. కనీసం పక్క నుంచో వెనక నుంచో దెబ్బ తగిలినప్పుడు పట్టుదల చెల్లదని ఒక్క వాక్యం చేర్చి ఉంటే ఆ ఎడిషన్ మీద వచ్చిన విమర్శలో చాలా భాగం తగ్గేది.

2015లో ఆ ఆట స్థానంలో గుండ్రటి పలకల మీద విడివిడిగా నిలబడే బొమ్మల ఆట వచ్చింది. అందులో పక్క, వెనక అన్న భేదం లేదు, వరుసల లెక్క లేదు. కాబట్టి ఇక్కడి చర్చకు అది దూరం. దళాన్ని ఒకే ముక్కగా చూసే మరో దారిని మాంటిక్ సంస్థ ‘కింగ్స్ ఆఫ్ వార్’ పట్టుకుంది. అందులో బొమ్మలను తీయడమే ఉండదు. దెబ్బలు దళం ఖాతాలో పోగవుతాయి. దెబ్బ పడ్డప్పుడల్లా రెండు పాచికల మొత్తానికి ఆ పోగును కలిపి దళం నిబ్బరం అంకెతో పోల్చి చూస్తారు. తక్కువైతే నిలబడుతుంది, దగ్గరైతే తడబడుతుంది, మించితే దళం మొత్తం పోతుంది. పక్క నుంచి కొడితే దెబ్బల సంఖ్య రెట్టింపవుతుంది. చావు అన్న మాటే తీసేసి ధైర్యాన్ని నేరుగా కొలవడం అంటే ఇదే. లెక్క శుభ్రంగా ఉంటుంది, ఆట చకచకా సాగుతుంది. కాకపోతే ఒక్కో బొమ్మ పడిపోతుంటే గుంపు పలచబడటం కళ్ళారా చూసే ఆనందం అందులో దొరకదు. రంగులు వేసిన చేతులకు ఆ లోటు తెలుస్తుంది.

2024 జనవరిలో పాత లోకాన్నే, చతురస్రపు పలకలతో సహా, గేమ్స్ వర్క్‌షాప్ మళ్ళీ బల్ల మీదకు తెచ్చింది. పలకలు కొంచెం పెరిగాయి. నిబ్బరం పరీక్షలో మాత్రం చాలాకాలంగా రావలసిన మార్పు వచ్చింది. పాచికల అసలు మొత్తమే నిబ్బరాన్ని మించితే దళం చెదిరి పారిపోతుంది. అసలు మొత్తం లోపలే ఉండి, ఓడిన తేడా కలిపాక మించితే దళం వరుస చెదరకుండా వెనక్కి తగ్గుతుంది. తేడా కలిపినా లోపలే ఉంటే కొద్దిపాటి నేల వదిలి నిలబడుతుంది. పైన చెప్పిన మరుగుజ్జుల చతురస్రాన్ని ఈ పద్ధతిలో పెడితే, నాలుగు పాయింట్ల ఓటమి తర్వాత పూర్తిగా చెదిరే అవకాశం 72 నుంచి 17 శాతానికి పడిపోతుంది. మధ్యలో మిగిలే సగానికి పైగా సందర్భాల్లో వాళ్ళు వెనక్కి తగ్గుతారు. పక్క దాడి విలువ పోలేదు, ఒక్క దెబ్బకు తేలే లాటరీ మాత్రం పోయింది. తగ్గిన దళం ఎక్కడికి తగ్గింది, వెనక ఏముంది, తగ్గినందువల్ల పక్కనున్న తమ దళం పక్క బయటపడిందా అన్నవి తర్వాతి విడతకు కొత్త ప్రశ్నలవుతాయి.

ఆరో విడతలో, వెలుగు తగ్గి బల్ల మీద సగం బొమ్మలే మిగిలినప్పుడు, ఈ లెక్క ఇంకో రూపంలో తిరిగి వస్తుంది. ఏడో ఎడిషన్ పద్ధతిలో ఆట ముగిసే క్షణానికి ఇంకా పారిపోతున్న దళం నాశనమైనదానితో సమానం; ఇరవై మందీ బతికే ఉన్నా దాని పాయింట్లన్నీ శత్రువుకే. సగానికి మించి మిగిలి నిలబడి ఉన్న దళం శత్రువుకు ఒక్క పాయింటైనా ఇవ్వదు. అందుచేత ఆఖరి విడతలో తెలివైన గాబ్లిన్ సేనాని చావగొట్టడానికి ఎవరు దొరుకుతారా అని చూడడు. తుపాకీదారులకు కనిపించకుండా గుట్ట చాటున తన గుంపులను సర్ది, చెదిరి తిరుగుతున్న ఎర రౌతుల దళం కోసం పాచికలు చేతిలోకి తీసుకుంటాడు. 6 లోపు పడితే ఐదుగురూ బల్ల అంచుకు రెండంగుళాల ముందు ఆగి, వెనక్కి తిరిగి, మళ్ళీ సైన్యమవుతారు.